వేడెక్కితే ఆగిపోతున్న చిన్న ఏటీవీ: ఇంజను బోరు చేయించే ముందు చూడవలసినవి

ప్రశ్న: నూజివీడు ప్రాంతంలో మాకు మామిడి తోట ఉంది. తోటలో తిరగడానికీ, మందు డబ్బాలు, పనిముట్లు మోయడానికీ ఒక రిసార్టు వారి దగ్గర పాత 110 సీసీ ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద నడిచే నాలుగు చక్రాల చిన్న బండి) కొన్నాను. వానాకాలమంతా షెడ్డులోనే ఉంచాము. ఇప్పుడు చల్లగా ఉన్నప్పుడు చోక్ వేస్తే స్టార్టవుతోంది. పది పదిహేను నిమిషాలు తిరిగాక ఆగిపోతుంది. అరగంట ఆగితే మళ్లీ స్టార్టవుతుంది. పొగ రావడం లేదు, ఆయిలు తగ్గడం లేదు. మెకానిక్ మాత్రం ఇంజను బోరు చేయించాలంటున్నారు, అంటే అరిగిన సిలిండరు లోపలి గోడను తిరిగి చెక్కించాలంటున్నారు. చైను తరచూ ఊడిపోతోంది, హ్యాండిలు కొంచెం ఊగుతోంది. మా పన్నెండేళ్ల అబ్బాయి కూడా దీన్ని నడుపుతున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు ఇంజను గురించి వివరంగా రాశారు, హ్యాండిలు ఊగుతున్న సంగతి ఒక్క మాటలో ముగించారు. నేను ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. తోటలో ఆగిపోయిన బండిని ఇద్దరు కలిసి తోసుకుంటూ షెడ్డుకు చేర్చవచ్చు గాని, తిప్పిన వైపు తిరగని బండి మనిషిని కింద పడేసి మీదికి దొర్లుతుంది. ఆ ఊగుడు ఎక్కడిదో తేలి, సరిచేసేదాకా ఎవరూ ఆ బండిని నడపవద్దనీ, అబ్బాయి చేతికి అసలే ఇవ్వవద్దనీ కోరుతున్నాను. బోరు సంగతికి తర్వాత వస్తాను. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇప్పటికిప్పుడు బోరు అవసరమని నాకు అనిపించడం లేదు.

వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు అడ్డం పెట్టి, ఛాసిస్ ముందుభాగం కింద గట్టి చెక్కదిమ్మ ఉంచి, ముందు చక్రాలు రెండూ నేల మీంచి లేచేట్టు నిలపండి. ఒక్కొక్క చక్రాన్నీ పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపి చూడండి. అలా ఊపినప్పుడు కదలిక తెలిస్తే లోపం చక్రపు బేరింగులో గాని, బాల్ జాయింటులో గాని, కింగ్ పిన్ను బుష్షులో గాని ఉంటుంది. తర్వాత ఇంకొకరిని హ్యాండిలు కదలకుండా పట్టుకోమని, చక్రాన్ని ముందువైపూ వెనకవైపూ పట్టుకుని ఊపండి. అప్పుడు మాత్రమే కదలిక ఉంటే హ్యాండిలును చక్రానికి కలిపే టై రాడ్ చివరి జాయింట్లు అరిగాయనో, హ్యాండిలు రాడ్డు అడుగున ఉండే బేరింగు వదులైందనో అర్థం. జాయింటు మీద వేలు ఆనించి ఉంచి ఇంకొకరిచేత ఊపిస్తే, అరిగినది ఏదో వేలికే తెలుస్తుంది. అరిగిన జాయింటును మార్చవలసిందే గాని, కొట్టి బిగించడం గాని, వంగిన టై రాడ్డును వెల్డింగు చేయించి వాడడం గాని కూడదు. నట్టుకు అడ్డంగా ఉండే స్ప్లిట్ పిన్ను పోతే దాని స్థానంలో మేకు వంచి పెట్టడం మన దగ్గర మామూలే, కానీ అలాంటి మేకు మీ బండికి ఉంటే ఈ రోజే తీసి కొత్త పిన్ను వేయించండి. జాయింట్లు మార్చాక హ్యాండిలు తిన్నగా ఉంచి, ముందు టైర్ల నడిమి గీతల మధ్య దూరాన్ని యాక్సిల్ ఎత్తులో ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి టేపుతో కొలవండి. ముందువైపు దూరం కొద్ది మిల్లీమీటర్లు తక్కువగా ఉంటే బండి తిన్నగా నడుస్తుంది, ఎక్కువగా ఉంటే చిన్న గుంటకే పక్కకు లాగుతుంది.

అదే పూటలో బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్‌ను కూడా చూడండి. ఇంజను ఆపి ఉంచి, హ్యాండిలు పూర్తిగా ఎడమకు, మధ్యకు, పూర్తిగా కుడికి తిప్పుతూ, మూడు చోట్లా లివరు నొక్కి వదిలితే అది టక్కున వెనక్కి రావాలి. నెమ్మదిగా వస్తే కేబుల్ లోపల తుప్పు పట్టి ఉంటుంది, లేదా కార్బురేటర్‌లో జారే స్లైడుకు జిగురు పట్టి ఉంటుంది. నెలల తరబడి నిలిచిన బండిలో ఈ రెండూ సాధారణం. కేబుల్‌కు నూనె దించినా బిగుతు వదలకపోతే కొత్తది వేయండి, ఖరీదు తక్కువే. ఈ బండ్లలో చాలావాటికి ముందు కేబుల్‌తో లాగే డ్రమ్ము బ్రేకులు, వెనక యాక్సిల్ మీద ఆయిలుతో పనిచేసే ఒక డిస్కు బ్రేకు ఉంటాయి. బ్రేకు లివరు మెత్తగా లోపలికి దిగిపోతుంటే గాలి చేరిందనుకోవాలి. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉన్న ద్రవాన్నే పోసి గాలి తీయించాలి. ఇంజను ఆయిలు గాని, ఇతర నూనె గాని ఒక్క చుక్క పడినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

టైర్ల గాలి గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. మోటారు సైకిలు టైరుకు 25, 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టడానికి అలవాటు పడిన పంక్చరు షాపులో ఈ బండినీ నిలబెడితే వారు అంతే కొడతారు. ఇలాంటి చిన్న ఏటీవీ టైర్లకు సాధారణంగా 3 నుంచి 5 పీఎస్ఐ చాలు. మీ టైరు పక్కగోడ మీదా బండి మీది స్టిక్కరు మీదా ముద్రించిన అంకెనే ప్రమాణంగా తీసుకోండి. గాలి ఎక్కువైతే టైరు బంతిలా ఎగిరి, నేలను పట్టుకోదు, హ్యాండిలు చేతుల్లో అదురుతుంది. మామూలు గేజి ఇంత తక్కువ గాలిని సరిగా చూపదు కాబట్టి, తక్కువ పీడనం కొలిచే గేజి ఒకటి, చేతి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవడం మేలు.

ఈ బండ్ల వెనక యాక్సిల్ ఒకే ఇనుప కడ్డీ. కారులో ఉన్నట్టు డిఫరెన్షియల్ ఉండదు. అందువల్ల మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం ఒకే వేగంతో తిరుగుతాయి, వాటిలో ఒకటి నేల మీద జారక తప్పదు. మెత్తని మట్టిలో అది సులువుగా జారుతుంది గాని, తారు రోడ్డు మీద జారక బండిని పక్కకు ఎత్తేస్తుంది. రోడ్డు మీదికి తీసుకురాకూడదనడానికి ఇది మొదటి కారణం. రిజిస్ట్రేషన్ లేని ఏ మోటారు వాహనాన్నీ బహిరంగ ప్రదేశంలో నడపరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 39వ సెక్షను చెబుతున్నది, ఇది రెండో కారణం. మీ తోట రెండు ముక్కలుగా ఉండి మధ్యలో రోడ్డు దాటవలసి ఉంటే, దిగి తోసుకుంటూ దాటండి.

అబ్బాయి సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ఈ తరహా బండ్లు ఎక్కువగా వాడిన అమెరికాలో 1970లో మూడు చక్రాలతో మొదలై, 1980లలో నాలుగు చక్రాలకు మారాయి. ప్రమాదాలు పెరిగిపోవడంతో 1988లో అక్కడి ప్రభుత్వానికీ తయారీ సంస్థలకూ కుదిరిన ఒప్పందంతో మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగింది. 90 సీసీకి మించిన బండ్లను 16 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వరాదన్న హెచ్చరిక కూడా ఆ ఒప్పందంతోనే స్థిరపడింది. అక్కడి పిల్లల వైద్యుల సంఘం అసలు 16 ఏళ్లలోపు పిల్లలు ఏ ఏటీవీ ఎక్కకూడదని అంటుంది. మీది 110 సీసీ. మలుపులో బండిని అదుపులో ఉంచడానికి ఒంటి బరువును లోపలివైపు వాల్చగలగాలి. ఆ బరువూ ఆ అంచనా పన్నెండేళ్ల పిల్లవాడికి ఉండవు. మీరు నడిపేటప్పుడు హెల్మెట్ పెట్టుకోండి, వెనక ఎవరినీ కూర్చోబెట్టకండి. మందు పిచికారీ ట్యాంకు మోస్తున్నట్టయితే, 50 లీటర్ల నీరంటే 50 కిలోల బరువనీ, అది మలుపులో ఒక పక్కకు ఒరుగుతుందనీ, వెనక బరువెక్కితే ముందు చక్రాలు తేలిపోతాయనీ గుర్తుంచుకుని, బండి మీది స్టిక్కరులో రాసిన బరువు దాటకుండా చూసుకోండి.

ఇక ఇంజను. రింగులు, బోరు బాగా అరిగితే సైలెన్సరు నుంచి నీలిపొగ వస్తుంది, ఆయిలు తగ్గుతుంది, బ్రీదర్ గొట్టం నుంచి ఆవిరి చిమ్ముతుంది, చల్లగా ఉన్నప్పుడు కూడా లాగే శక్తి తక్కువగా ఉంటుంది. వీటిలో పొగ రావడం, ఆయిలు తగ్గడం లేవని మీరే రాశారు. వేడెక్కాక ఆగి, చల్లారాక నడిచే బండిలో వెతకవలసినవి ముఖ్యంగా నాలుగు: పెట్రోలు దిగకపోవడం, స్పార్క్ పోవడం, ట్యాపెట్లు (వాల్వుల సందును సరిచేసే మరలు) బిగుసుకోవడం, కార్బురేటర్ జెట్లు పూడుకోవడం. వీటిలో ఏదో తెలుసుకోవడానికి బండి ఆగిన ఆ నిమిషమే సరైన సమయం. చల్లారాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, మెకానిక్ ఊహ మీద ఆధారపడతాడు. కాబట్టి ప్లగ్గు పానా, కొత్త ప్లగ్గు ఒకటి, చిన్న సీసా దగ్గర పెట్టుకుని, షెడ్డు దగ్గరే, ముందు చెప్పిన లోపాలన్నీ సరిచేశాక, బండిని వేడెక్కించి ఆగేదాకా నడపండి.

ఆగిన వెంటనే మొదట ట్యాంకు మూత తిప్పండి. లోపలికి గాలి పీల్చిన చప్పుడు వచ్చి, మూత వదులుగా ఉంచినప్పుడు బండి స్టార్టయితే లోపం మూతలోని గాలి రంధ్రంలో ఉంది. పెట్రోలు దిగుతున్న కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి ధార ఆగిపోతుంది, కాసేపటికి గాలి మెల్లగా చేరాక మళ్లీ దిగుతుంది. మీరు చెప్పిన పది నిమిషాలూ అరగంటా ఈ కారణానికి చక్కగా సరిపోతాయి. షెడ్డులో నిలిచిన బండి మూత రంధ్రాన్ని కందిరీగలు మట్టితో మూసేయడం అరుదు కాదు. ఆ రంధ్రం బాగుంటే, కార్బురేటర్ అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోలును సీసాలోకి దించండి. ఇంజను వేడిగా ఉంటుంది గనుక సైలెన్సరు మీద పడకుండా జాగ్రత్త వహించండి. ధార మొదట్లో బాగా వచ్చి చుక్కలుగా మారితే ట్యాంకు కింది పెట్రోలు కాకు (ట్యాపు) జాలీ, పైపు, చిన్న ఫిల్టరు చూడాలి. సీసా అడుగున నీటి బొట్లు వేరుగా కనిపిస్తే, నిల్వ ఉన్న పెట్రోలే పాడైందని అర్థం. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది వానాకాలపు తేమను పీల్చుకుని, హద్దు మీరినప్పుడు నీటితో కలిసి అడుక్కు దిగుతుంది. అలాంటి పెట్రోలంతా పారేసి, గట్టిపడిన పాత రబ్బరు పైపు మార్చి, తాజా పెట్రోలు పోయండి.

పెట్రోలు బాగానే దిగుతోందనుకోండి. ప్లగ్గు విప్పి క్యాపుకు తగిలించి, దాని ఇనుప ఒంటిని సిలిండర్ హెడ్డుకు ఆనించి, పెట్రోలు పైపులకూ ప్లగ్గు రంధ్రానికీ దూరంగా ఉంచి స్టార్టర్ నొక్కండి. నీడలో కూడా స్పష్టంగా కనిపించే నీలి నిప్పురవ్వ రావాలి. అసలు రాకపోయినా, ఎర్రగా బలహీనంగా వచ్చినా కొత్త ప్లగ్గుతో మళ్లీ చూడండి. సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. అప్పటికీ రాకపోతే, స్పార్క్‌ను నడిపే సీడీఐ పెట్టెకు, ఇంజను ఆపే కిల్ స్విచ్ నుంచి వచ్చే తీగను పరీక్ష కోసం మాత్రమే విడదీయండి. రిసార్టుల్లో వాడిన బండ్లకు హ్యాండిలు స్విచ్, తాళం, రిమోట్ అలారం, కొన్నిటికి వెనక తాడు లాగే స్విచ్ అన్నీ ఈ తీగకే కలిసి ఉంటాయి, వాటిలో ఏది ఎర్తయినా స్పార్క్ ఆగిపోతుంది. తీగ విడదీశాక స్పార్క్ వస్తే లోపం స్విచ్‌లలో ఉంది. దాన్ని కనిపెట్టి బాగుచేసి తీగను తిరిగి కలపాలి. పడిపోయిన బండిని ఆపడానికి ఉన్న సాధనం అదే. తీగ తీసినా స్పార్క్ రాకపోతే ఇగ్నిషన్ కాయిలు, సీడీఐ, ఫ్లైవీలు దగ్గరి ట్రిగ్గర్ కాయిలు మిగులుతాయి. వేడికి లోపలి తీగ తెగినట్టయి, చల్లారాక అతుక్కునే భాగం ఈ మూడింటిలో ఏదో ఒకటి కావచ్చు. అందుకే ట్రిగ్గర్ కాయిలు ఓములను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బండి ఆగినప్పుడు ఒకసారి మీటరుతో కొలిపించండి. రెండో కొలతలో తీగ తెగినట్టు చూపితే దొంగ దొరికినట్టే.

స్పార్కూ పెట్రోలూ రెండూ ఉండి కూడా వేడిలో స్టార్టవకపోతే నా అనుమానం ట్యాపెట్ల మీదికి పోతుంది. వాల్వులు తమ సీట్లలోకి అరిగి దిగుతున్న కొద్దీ వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఉన్న ఆ కొద్ది సందు కూడా వేడికి మూసుకుపోయి, వాల్వు పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్ లీకవుతుంది. దీన్నే కొందరు బోరు అరిగిందని పొరబడతారు. ఇంజను రాత్రంతా చల్లారాక, ఎడమవైపు కవరు మీది రెండు మూతలూ హెడ్డు మీది రెండు ట్యాపెట్ మూతలూ విప్పి, ఫ్లైవీలును అపసవ్యంగా తిప్పుతూ దాని మీది టి గుర్తును కవరు గాటుకు ఎదురుగా తేవాలి. అప్పుడు రెండు రాకర్లకూ కొద్దిపాటి ఆట ఉండాలి. లేకపోతే ఇంకొక పూర్తి చుట్టు తిప్పండి. రెండిటికీ 0.05 మిల్లీమీటరు ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) కొద్దిపాటి ఒరిపిడితో జారేట్టు బిగించాలి. మన దగ్గర సీడీ 100, స్ప్లెండర్ ఇంజన్లు విప్పిన మెకానిక్‌కు ఈ పని చేతిలో పని. ఇది కూడా హోండా వారి, సిలిండరు అడ్డంగా పడుకుని ఉండే ఇంజన్ల వంశానికి చెందినదే. విడిభాగాలు మాత్రం వాటివి వీటికి సరిపోతాయని అనుకోవద్దు.

చోక్ వేసి ఉంచితేనే నడిచి, తీస్తే ఆగిపోతున్నట్టయితే కార్బురేటర్‌లో ఐడిలింగ్‌కు పెట్రోలు అందించే పైలట్ జెట్టు పూడుకుని ఉంటుంది. దాని రంధ్రం వెంట్రుకంత సన్నం. కార్బురేటర్ క్లీనరు కొట్టి, గాలి పెట్టి శుభ్రం చేయాలి గాని ఇనుప సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై మరిక ఐడిలింగ్ కుదరదు. కార్బురేటర్‌కూ హెడ్డుకూ మధ్య ఉండే మెడ దగ్గర పగులు ఉందేమో, అక్కడి ఓ రింగు గట్టిపడిందేమో అప్పుడే చూడండి.

ఈ నాలుగూ సరిచేశాక కూడా బాగుపడకపోతేనే కంప్రెషన్ కొలిపించాలి. ట్యాపెట్లు సెట్ చేయకముందు కొలిస్తే ఆ కొలత తప్పుదారి పట్టిస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి కొలిచినప్పుడు 100 పీఎస్ఐ కూడా రాకపోతే, ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి, మీ మెకానిక్ చెప్పింది నిజం. పెరగకపోతే వాల్వులు లీకవుతున్నాయి, హెడ్డు ఒక్కటి దించి వాల్వులు గ్రైండు చేయిస్తే సరిపోతుంది, బోరు జోలికి పోనక్కరలేదు. మెకానిక్‌ను కించపరచకుండా, ఈ రెండు అంకెలు రాసి ఇమ్మని అడగండి.

బోరు ఈ రోజు బాగున్నా, దుమ్ము దాన్ని త్వరలో తినేస్తుంది. ఈ బండ్లలో చాలావాటికి గాలి ఫిల్టరు స్పాంజితో చేసినది. ఎండాకాలంలో ఎర్రమట్టి దారుల్లో తిరిగే బండికి దాన్ని వారం వారం విప్పి, సబ్బునీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టరు ఆయిలు గాని కొద్దిగా ఇంజను ఆయిలు గాని పట్టించి, పిండి వేయాలి. పొడి స్పాంజి సన్నటి దుమ్మును ఆపదు, నూనె తడి ఉన్నదే ఆపుతుంది. ఇంజను ఆయిలు సుమారు ముప్పాతిక లీటరు నుంచి 0.9 లీటరు వరకే పడుతుంది. ఇందులో కాగితపు ఫిల్టరు ఉండదు, జాలీ మాత్రమే ఉంటుంది గనుక తరచూ మార్చడం తప్పదు. క్లచ్ కూడా ఈ ఆయిలులోనే తిరుగుతుంది కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న మోటారు సైకిలు ఆయిలే కొనండి. కారు ఆయిలు పోస్తే క్లచ్ జారవచ్చు. మట్టం చూసేటప్పుడు స్టిక్కును తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి తీయాలి.

చైను ఊడిపోవడానికి వదులు ఒక్కటే కారణం కాదు. వెనక యాక్సిల్ బేరింగు గూడు బోల్టులు వదులైతే ఎంత బిగించినా మళ్లీ వదులవుతుంది, వెనక స్ప్రాకెట్ ముందుదానితో ఒకే వరుసలో ఉండదు. వెనక భాగాన్ని ఎత్తి, యాక్సిల్‌ను పక్కలకూ పైకీ కిందికీ లాగి చూడండి, ఆట తెలిస్తే బేరింగులు ముందు మార్చండి. చక్రపు హబ్బు యాక్సిల్ పళ్ల మీద ఊగుతుంటే ఆ నట్టు వదులుగా ఉండగానే చాలాకాలం నడిపారని అర్థం, హబ్బును ఇప్పుడే మార్చకపోతే యాక్సిల్ పళ్లు కూడా అరిగి ఖర్చు రెట్టింపవుతుంది. ఆ తర్వాత, మీరు కూర్చుని ఉండగా చైను నడుమ పైకీ కిందికీ కలిపి 15 నుంచి 25 మిల్లీమీటర్ల ఆట ఉండేట్టు సరిచేయించండి. స్ప్రాకెట్ పళ్లు ఒక వైపుకు వంగి కొక్కేల్లా మారి ఉంటే చైనూ రెండు స్ప్రాకెట్లూ కలిపే మార్చాలి. లింకు క్లిప్పు మూసి ఉన్న కొస చైను సాగే దిశకు ఉండాలి.

విడిభాగాలకు నగరంలోని దుకాణానికి ఫోను చేసే ముందు ఇంజను కేసు మీద చెక్కిన సంకేతం రాసుకోండి. అది 152 ఎఫ్ఎంహెచ్ అని ఉంటే మీది 52.4 మిల్లీమీటర్ల బోరు, 49.5 మిల్లీమీటర్ల స్ట్రోకు గల 107 సీసీ ఇంజను, దాన్నే వ్యాపారంలో 110 అంటారు. సీడీఐ అయితే సాకెట్టులో ఎన్ని పిన్నులున్నాయో, స్ప్రాకెట్ అయితే పళ్ల సంఖ్య, బోల్టు రంధ్రాల మధ్య దూరం, చైను అయితే పక్క పలక మీది 420 లేదా 428 అన్న అంకె చెప్పండి. వీలైతే పాత భాగాన్నే పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసి కొనండి.